అక్క నక్షత్రం

ఇంకా చీకటి పడలేదు. జూన్ నెలాఖరు, ఏడు కావస్తున్నా వంటింటి వెనక వరండాలోంచి స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం వెలుతురుగానే ఉంది, కింద కూర్మన్నపాలెం జంక్షన్లో హారన్లు మోగుతూనే ఉన్నాయి, గ్యాసు సిలిండర్ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని నేను చీకటి కోసం కూర్చున్నాను. ద్వారకా నగర్లో కోచింగ్ సెంటర్ వాళ్లకి జ్వరమని చెప్పి వచ్చాను, జ్వరం లేదు, ఏమీ లేదు, పన్ను పీకే ముందు డాక్టరు సూది వేశాక పెదవి ఉంటుందే, ఉందని తెలుస్తుంది గానీ మనది కాదు, అలా ఉన్నాను కొన్నాళ్లుగా, మనిషి మొత్తం. లోపల గదిలో నాగమణి అక్క దిళ్ల గుట్టకి ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరందదు, అందుకని కూర్చునే తింటుంది, కూర్చునే నిద్రపోతుంది, నిద్రలో తల పక్కకి వాలితే అక్క పెంచిన పిల్ల శ్రీసత్య వచ్చి సరిచేస్తుంది. మొన్న ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేటప్పుడు డాక్టరు మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. ప్రతిసారీ చెప్పేవాడు. ఈసారి ఆవిడకి ఇష్టమైనవి పెట్టండి అన్నాడు, ఉప్పు కూడానా అని బావ అడిగితే, పెట్టండి అని బావ భుజం మీద చెయ్యి వేశాడు. బావ ఆ చేతిని చూసి సంతోషించాడు, ఉప్పు తినొచ్చన్నారంటే తగ్గుతున్నట్టే కదా అని నాతో అన్నాడు. నేను అవునన్నాను.

ఇష్టమైనవి ఏమిటని అక్కని అడిగింది శ్రీసత్య. చేపల పులుసు అంటుందనుకున్నాం. అక్క కాసేపు ఆలోచించి నాకు ఫోన్ కలపమంది. "సుధా, నువ్వు సుక్కల సదువు సదివినావు కదే. నా నచ్చత్రం ఏదో ఓపాలి సూపించీయే." ఎందుకక్కా ఇప్పుడు అన్నాను, ఏదో ఒకటి అడగాలి గనక. "ఊరికే," అంది. అక్క జవాబులు ఎప్పుడూ అంతే, ఎందుకు నవ్వావంటే ఊరికే, ఎందుకు ఏడ్చావంటే ఊరికే, సంతలో అంత ఖరీదు చీర నాకెందుకు కొన్నావంటే ఊరికే. మా అమ్మ అనేది, దీన్ని కోర్టులో నిలబెట్టినా జడ్జీగారితో ఊరికేనండీ అంటుంది అని. నాకు నవ్వొస్తుంది ఇది తలుచుకుంటే, మామూలుగా అయితే వస్తుంది, ఇప్పుడు వచ్చే చోటు తెలుస్తోంది గానీ రావడం లేదు.

ఫోన్లో వెనక నుంచి గవర్రాజు బావ గొంతు కూడా వినబడింది. "ఆరుద్ర కార్తె వచ్చీసింది కదేటి. నెత్తి మీదే ఉంటాది, సూపించడానికేటి." బావ ప్లాంటులో జీవితమంతా పని చేసి రిటైరయ్యాడు గానీ చీపురుపల్లి వైపు రైతు ఇంటి మనిషి, కార్తెలు వేళ్ల మీద చెబుతాడు, ఏ కార్తెలో ఏ విత్తు, ఏ వాన, ఆరుద్ర కార్తెలో తడినేల మీద తిరిగే ఎర్రటి మెత్తటి పురుగుల్ని చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న సంగతి. పేరు ఆరుద్ర కార్తె అయినప్పుడు పైన ఆరుద్ర లేకపోవడమేమిటని ఆయన ధీమా. ఆ ఊళ్లో అందరి ధీమా అదే. కానీ కార్తె అంటేనే సూర్యుడు ఆ నక్షత్రం పక్కకి చేరడం, ఆరుద్ర ఈ రోజుల్లో సూర్యుడితోనే లేచి సూర్యుడితోనే దిగిపోతుంది, ఏడాది మొత్తంలో దాన్ని అసలు చూడలేని రోజులేవైనా ఉన్నాయంటే అవి సరిగ్గా దాని పేరు పెట్టిన ఈ రోజులే. మళ్లీ కనబడేది శ్రావణంలో, తెల్లవారకముందు, సముద్రం వైపు. డాక్టరు శ్రావణం దాకా గడువు ఇవ్వలేదు. ఇదంతా బావకి చెప్పలేదు, సాయంత్రం వస్తానన్నాను.

వచ్చాను గనక చూపించాలి. ఏం చూపించాలో బస్సులోనే అనుకున్నాను, గాజువాక దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయినప్పుడు, పక్క సీటావిడ ఒళ్లో మల్లెపూల కవరు వాసన తల తిప్పేస్తుంటే. ఈ నెలలో చీకటి పడేసరికి ఆగ్నేయంలో ఇంకో ఎర్ర నక్షత్రం ఉంటుంది, ఈ వరండాకి ఎదురుగా, ప్లాంటు వెలుగు పైన. అదీ ఆరుద్రలాంటిదే, ముసలిది, ఉబ్బినది, చివరి రోజుల్లో ఉన్నది, చూసేవాళ్లకి తేడా తెలియదు. దాన్ని చూపించి ఇదే నీ ఆరుద్ర అక్కా అంటే సరిపోతుంది. శ్రీసత్య పొద్దున్నే ఫోన్లో ఏదో యాప్ వేసుకుంది, ఆకాశానికి పెడితే చుక్కల పేర్లు చెప్పేది, పిన్నీ నేనే వెతికేస్తాను అంది. ఇంత ఇనుము పక్కన ఉంటే దిక్కులు తిరిగిపోతాయి, యాప్ పని చేయదని చెప్పాను. ఫిజిక్స్ మేడమ్ చెబితే ఎవరు కాదంటారు, తీసేసింది.

ఆ ఎర్ర నక్షత్రం పేరు జ్యేష్ఠ. అక్క పుట్టింది ఆరుద్రలో కాదు, జ్యేష్ఠలోనే. ఈ సంగతి ఇప్పుడు బతికున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు. జ్యేష్ఠలో పుట్టిన పిల్లని కోడలిగా తెచ్చుకుంటే పెళ్లికొడుకు అన్నకి, అంటే ఆ పిల్లకి బావగారయ్యే మనిషికి, ప్రాణగండమని మా వైపు నమ్మకం. వచ్చిన ప్రతి సంబంధం పెళ్లికొడుక్కి అన్న ఉన్నాడన్న మాట దగ్గర ఆగిపోయేది, ఆ సంవత్సరాల్లో అన్నలు లేని పెళ్లికొడుకులు లోకంలో లేనట్టే ఉండేది. గవర్రాజు బావకి అన్న ఉన్నాడు, జగ్గారావు. కానీ బావకి ప్లాంటులో ఉద్యోగం, తాగుడు లేదు, అక్క కూడా తలుపు చాటు నుంచి చూసి వద్దనలేదు. పిల్ల నక్షత్రం ఏమిటమ్మా అని వాళ్ల పెద్దవాళ్లు అడిగితే మా అమ్మ తడుముకోకుండా ఆరుద్ర అనేసింది. ఎందుకు ఆరుద్రే అంటే, అప్పుడు ఆరుద్ర కార్తె నడుస్తోంది, నోటికి అదే వచ్చింది. పుట్టిన తేదీలు మా ఇళ్లల్లో ఎవరికీ తెలియవు, నక్షత్రం ఇంటివాళ్లు ఏది చెబితే అది. పెళ్లయిపోయింది. మూడేళ్లు తిరక్కుండా జగ్గారావుకి మలేరియా వచ్చి మెదడుకెక్కింది, తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది, పోయాడు. భార్య పుట్టింటికి వెళ్లి మారుమనువు చేసుకుంది, అప్పుడే నడక నేర్చిన పిల్ల మిగిలింది. ఆ పిల్లే శ్రీసత్య. అక్క దాన్ని ఎత్తుకుంది, మళ్లీ దించలేదు. తనకి పిల్లలు పుట్టలేదు, పుట్టలేదో వద్దనుకుందో నేనడగలేదు. ఎందుకక్కా అంత బరువు నెత్తికెత్తుకున్నావు అని ఎవరో అడిగితే మాత్రం విన్నాను. ఊరికే అంది.

అమ్మ పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఈ సంగతి చెప్పింది, నూతిలోంచి చేద లాగినట్టు ఒక్కో మాటా లాగి. "మీ అక్కకి సెప్పకే. తెలిస్తే బావగార్ని నానే సంపీసినాననుకుంటాది. మరి బతకదది." నేను చెప్పలేదు. అమ్మకి మాటిచ్చానని కూడా కాదు, అక్క ముఖం చూసి ఆ మాట అనగలిగే నోరు నాకు లేదు. ఇప్పుడూ లేదు. ఇప్పుడు నేను చేయబోయేది జ్యేష్ఠని చూపించి ఆరుద్ర అనడం, అంటే అక్కకి అక్క నక్షత్రమే చూపించి పేరు మాత్రం తప్పు చెప్పడం, అమ్మ చేసిందే మళ్లీ చేయడం. ఆ పేరు ఒక్కటి జారకుండా ఈ సాయంత్రం గడిచిపోతే చాలు. అక్క మిగిలిన నాలుగు రోజులూ శ్రీసత్యని చూసి నవ్వుతూ పోతుంది, దీని తండ్రిని చంపింది నేనే అనుకుంటూ పోదు.

శ్రీసత్య గంజి పెట్టింది. నా వెనక, గుమ్మం అవతల, స్టవ్ మీద గిన్నె మూత ఎగిరి పడుతోంది, టపటప, కాసేపు ఆగి, మళ్లీ టపటప. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా ప్రొఫెసర్ నక్షత్రాల నాడి గురించి చెప్పడానికి బోర్డు నిండా లెక్కలు వేశాడు, నాకు అర్థం కాలేదు, హాస్టల్ వంటగదిలో అన్నం గిన్నె చూశాక అర్థమైంది. ముసలి నక్షత్రంలో ఒక పొర ఉంటుంది, లోపలి వేడిని పైకి పోనివ్వదు. వేడి పోగుపడి పొరని తోస్తుంది, నక్షత్రం ఉబ్బుతుంది. ఉబ్బాక పొర పలచబడుతుంది, వేడి జారిపోతుంది, నక్షత్రం తన బరువుకి తానే కుంగుతుంది, మూత పడుతుంది, మళ్లీ మొదలు. అలా ఉబ్బుతూ కుంగుతూ, వెలుగుతూ మసకబారుతూ ఉంటుంది. వయసులో ఉన్న నక్షత్రాలకి ఈ బాధ లేదు, మన సూర్యుడిలాగా ఒకే తీరుగా వెలుగుతాయి, ఎవరూ వాటిని పట్టించుకోరు. లోపల కాల్చుకోవడానికి ఏమీ మిగలనప్పుడే ఇదంతా. కొన్ని కచ్చితంగా కొట్టుకుంటాయి, వాటిని చూసి గడియారం సరిచేసుకోవచ్చు. బాగా ముసలివి లయ తప్పుతాయి, ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా. ఒకటుంది, పదకొండు నెలలకోసారి కంటికి కనబడనంత మసకబారి, పోయిందనుకున్నాక మళ్లీ వస్తుంది. దీన్ని నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు, సిలబస్‌లో లేదు.

అక్కా అంతే. డాక్టరు మొదటిసారి స్కాన్ చేసి గుండె పెద్దదైంది అన్నప్పుడు అక్క బయటికొచ్చి అందరికీ గొప్పగా చెప్పుకుంది. "నాది పెద్ద గుండని డాక్టరే సెప్పీసినాడు, ఇక ఎవులూ కాదనలేరు." నిజమే కదా అన్నారు అందరూ, పరాయి పిల్లని కళ్లలో పెట్టుకుని పెంచిన మనిషి. పెద్ద గుండె అంటే సాగిపోయి, పిండలేని గుండె అని నాకు ఆయన విడిగా చెప్పాడు. నీళ్లు పట్టేవి, పాదాలు ఉబ్బేవి, మెట్టెలు తీసేశాం, గాజులు చేతికి అతుక్కుపోయేవి. ఆసుపత్రిలో ఇంజక్షన్లిచ్చి నీళ్లు తీసేసేవారు, వారంలో సగం మనిషై ఇంటికొచ్చేది, అప్పుడు గాజులు మోచేతి దాకా జారేవి. బావకి ఆ గాజులే లెక్క, ఆడుతున్నాయంటే బాగుంది, అతుక్కున్నాయంటే ఆసుపత్రి. మొదట్లో ఈ ఉబ్బడానికీ తగ్గడానికీ మధ్య నెలలు పట్టేది, తరవాత వారాలు. ప్రతిసారీ తగ్గగానే బావ తీపి తెచ్చేవాడు, నేనూ తినేదాన్ని. వెలుగు పెరగడం వేరు, బాగవడం వేరు అని నాకు తెలుసు, చదువుకున్నాను. తెలిసినందువల్ల తీపి తియ్యగా లేకపోవడం తప్ప వేరే ఉపయోగం ఏమీ లేదు.

ఆ మొదటి ఆసుపత్రి, లాక్‌డౌన్‌కి ముందటి శీతాకాలం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆరుద్ర మసకబారింది. పేపర్లలో వేశారు, టీవీల్లో చెప్పారు, చచ్చిపోబోతోంది, పేలిపోతుంది, పగలే కనబడుతుంది అని. క్లాసులో పిల్లలు ఆప్టిక్స్ ఆపించి మేడమ్ పేలిపోద్దా అని అడిగేవారు, వాళ్లకి అదంటే సరదా. బావకి ప్రాణం మీదకొచ్చింది. పేపరు చేత్తో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద నాకు చూపించాడు, సూడు సుధా, మీ అక్క నచ్చత్రమే, అది తగ్గిపోతన్నాదంట, ఇది తగ్గిపోతన్నాది. ఏడ్చాడు. అక్కని డిశ్చార్జి చేయగానే సింహాచలం తీసుకెళ్లాడు, నేనూ వెళ్లాను. పంతులుగారు పళ్లెం పట్టుకుని గోత్రం, పేరు, నక్షత్రం అడిగితే బావే గబగబా చెప్పాడు, నాగమణి, ఆరుద్ర, ఆరుద్రండీ, రెండుసార్లు. అక్క చేతులు జోడించి తల దించుకుని నిలబడింది. ఆమె ఎప్పుడూ నోరు విప్పదు అక్కడ, బావే చెబుతాడు, నేను భక్తి అనుకునేదాన్ని. తరవాత తేలింది, ఆరుద్రకి ఏమీ కాలేదు, అదే ఓ ఉబ్బులో దుమ్ము ఊదింది, తను ఊదిన దుమ్మే తన ముఖానికి అడ్డం వచ్చింది, వేసవికి మళ్లీ మామూలైంది. అక్కా లేచి తిరిగింది ఆ వేసవికి. సింహాద్రి అప్పన్న దయ అన్నాడు బావ. అది ఆవిడ నక్షత్రమే కాదు బావా అని గొంతు దాకా వచ్చింది. మింగేశాను, కొండ దిగేటప్పుడు సంపెంగలు కొని అక్క తలలో పెట్టాను.

అప్పన్నకి అక్క బాకీ ఏమిటో గానీ శనివారాలు ఉప్పు తినదు. ఎప్పటి నుంచో. శ్రీసత్య చిన్నప్పటి నుంచీ ఈ ఇంట్లో శనివారం అంటే అక్క కంచంలో చప్పిడి కూడు. డాక్టరు ఉప్పు మానేయమన్నప్పుడు కూడా నవ్వింది, నాకలవాటేనండి అని. ఇప్పుడు తినొచ్చన్నాక కూడా ఈవేళ శ్రీసత్య అడిగితే వద్దంది, శనివారం కదే అంది. గంజి వాసన వస్తోంది. ఆకాశం నీలం పోయి బూడిదైంది. ప్లాంటు దగ్గర గొట్టం చివర మంట ఇప్పుడు కనబడుతోంది, పగలంతా ఉంటుంది అది, చీకట్లోనే తెలుస్తుంది, గాలికి పెరుగుతూ తగ్గుతూ. మబ్బులున్నాయి, దక్షిణం నుంచి కదులుతున్నాయి, వాన మబ్బులు. మొత్తం కప్పేస్తే బాగుండునని ఒక క్షణం అనిపించింది, రేపు చూద్దాం అక్కా అనొచ్చు, రేపు ఉందో లేదో గానీ పేరు చెప్పే పని తప్పుతుంది. మబ్బు కదిలింది. ఉంది. ప్లాంటు వెలుగు పైన, మంటకి కొంచెం ఎడమగా, ఎర్రగా, ఎవరికోసమూ కానట్టు.

కుర్చీ ఈడ్చుకుంటూ తెచ్చాం, బావ ఒక పక్క, శ్రీసత్య ఒక పక్క. గది నుంచి వరండాకి ఎంత దూరమని, గుమ్మం దగ్గర ఒకసారి, స్టవ్ దగ్గర ఒకసారి ఆగాం, ఊపిరి కోసం. అక్క వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు ఎర్రగా మిణుకుతోంది, అంకె తొంభైకి కింద ఎక్కుతోంది దిగుతోంది. కూర్చోబెట్టాక అక్క బావని పాలు పట్రమ్మంది. ఇంట్లో ఉన్నాయే అన్నాడు. పట్రండి అంది. ఆయన చెప్పులేసుకుని దిగాడు. శ్రీసత్యని దుప్పటి తెమ్మంది, ముందు గదిలో బీరువా పైన ఉన్నది, పచ్చది, అదే కావాలి అంది. అది వెళ్లింది.

"ఎక్కడే?"

చూపించాను. నా వేలు వెంబడి చూసింది. చాలాసేపు చూసింది, అత్తారింటికి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు, పైనుంచి కింద దాకా. గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి.

"ఎర్రగా ఉందే."

"ముసలిది కదక్కా. చల్లారిపోతోంది. చల్లారేటప్పుడు ఎర్రబడుతుంది."

"పేరేటి?"

"నీ నక్షత్రమే."

"నాదేనే. పేరేటని అడుగుతన్నాను."

ముప్పయ్యేళ్ల కిందట మా నాలుగు గదుల ఇంట్లో మా అమ్మ ఎలా అందో అలా అన్నాను, తడుముకోకుండా. "ఆరుద్ర."

అక్క నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు ఆగేదాకా వీపు రాశాను. "అచ్చు అమ్మలాగే సెప్పినావు," అంది. "మీ బావకి సెప్పుకో ఆరుద్రని. ఆయన నమ్ముతాడు. నాను జేష్టనే, జేష్ట అనడానికి నీకు నోరు రాలేదేటి?"

నా చెయ్యి ఆమె వీపు మీదే ఉండిపోయింది. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేతికి తెలుస్తున్నాయి. ఎప్పుడు తెలిసిందక్కా నీకు అన్నాను.

"జగ్గారావు బావగారి పెద్దకర్మ నాడు. అమ్మ నన్ను నూతి దగ్గిరికి తీసుకెల్లి సెప్పీసింది. బయిపడిపోయింది పాపం, తెగ ఏడిసింది. సుధకి సెప్పకే అంది, సిన్నపిల్ల, తట్టుకోలేదంది."

అమ్మ. ఇద్దరికీ చెప్పి, ఇద్దరినీ ఒకరికొకరు చెప్పొద్దంది. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఇన్నేళ్లు ఎన్ని చిక్కుళ్లు వొలిచామో, ఎన్ని సీరియళ్లు చూశామో, ఆ ఒక్క మాట మధ్యలో పెట్టుకుని. అమ్మ మీద కోపం రావాలి నాకు. చేతికి నీళ్లు తెలుస్తున్నాయి, అంతే. పెద్దకర్మ నాడు. అంటే శ్రీసత్యని ఎత్తుకున్నది ఆ తరవాత. శనివారాల ఉప్పు ఆ తరవాత. పిల్లలు వద్దనుకున్నది, వద్దనుకున్నదే, ఆ తరవాత. సింహాచలంలో దించిన తల భక్తి కాదు, ఆరుద్ర అన్నప్పుడల్లా దేవుడి ముందు అబద్ధం. ఈ వేళ ఫోన్లో కూడా నా నచ్చత్రం అంది గానీ ఆరుద్ర అనలేదు, అన్నది బావ. పెద్ద గుండె, పెద్ద గుండె అని ఊరంతా అన్నాం, ఆ గుండెలో మూత కింద ఇది ఉంది. నేను ఎవరిని కాపాడుతున్నాననుకున్నాను ఇన్నాళ్లూ.

"సదువుకున్నావు కదే," అంది అక్క. నా వైపు చూడలేదు, దాని వైపే చూస్తోంది. "నిజం సెప్పు. నాకోసమని సెప్పకు. అంత దూరంలో ఉన్నాది అది. అక్కడి నుంచి ఒక మనిషిని సంపగల్దేటి?"

ఎంత దూరమో నాకు తెలుసు, ఈ రాత్రి మనకు కనబడే వెలుతురు అక్కడ బయల్దేరినప్పుడు జగ్గారావు లేడు, వాళ్ల తాతల తాతలు లేరు, ఈ పోర్టు లేదు, ప్లాంటు లేదు. ఇవన్నీ చెప్పొచ్చు. పిల్లలకైతే చెప్పేదాన్ని. "లేదక్కా," అన్నాను. "దోమ కుట్టింది. జ్వరం మెదడుకెక్కింది. ఆసుపత్రికి ఆలస్యమైంది. దానికీ దీనికీ ఏటీ లేదు. అది దాని ఊపిరి అది తీసుకోడానికే అవస్థపడతంది, ఇంకొకల్ల జోలికి ఏం వస్తాది."

"నాలాగ."

"నీలాగే."

"నీకాడ కూడా అలాగే ఉంటాదేటి, పుస్తకాల్లో? నువ్వు సెప్పింది?"

"అలాగే ఉంటాది. ఒట్టు."

అక్క ఊపిరి పీల్చింది, వదిలింది, మళ్లీ పీల్చింది. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, పట్టడం లేదు. శ్రీసత్య పచ్చ దుప్పటి తెచ్చింది, బీరువా పైన లేదమ్మా, మంచం కిందుంది, నువ్వే పెట్టి మరిచిపోయావు అని సణుగుతూ అక్క భుజాల చుట్టూ కప్పి, మెడ దగ్గర దోపి, దుప్పటి కింద చిక్కుకున్న జడని బయటికి తీసి, గంజి పొంగుతోందని లోపలికి పరిగెత్తింది. అక్క నక్షత్రం వైపు చూడటం మానేసింది. తల తిప్పి, కష్టపడి తిప్పి, స్టవ్ దగ్గర మసిగుడ్డతో గిన్నె దించుతున్న ఆ పిల్లనే చూస్తోంది, జగ్గారావు భుజాలు, జగ్గారావు నుదురు, ఎడంచేతి వాటం మాత్రం అక్కది, చూసి నేర్చుకుంది. ఎన్నేళ్లుగానో ఆ పిల్లని చూసినప్పుడల్లా అక్క ముఖంలో ఏదో ఒక పక్కకి తప్పుకునేది, అదేమిటో నాకు తెలిసేది కాదు. ఇప్పుడది లేదు.

"అయితే సుధా."

"ఏటక్కా."

"దీన్ని నాను ఊరికే పెంచినానన్నమాట."

నా పెదవి కదిలింది. సూది మందు దిగేటప్పుడు ముందు నొప్పే తెలుస్తుంది, అలా తెలిసింది, నా పెదవి, నా గొంతు, నా కళ్లు, అన్నీ నావేనని.

"ఊరికేనే అక్కా," అన్నాను. "ఊరికే పెంచినావు."

అక్క తలూపింది. కాసేపటికి లోపలికి కేకేసింది, కేకంటే కేక కాదు, ఊపిరి ఉన్నంత మేరకి. "సత్యా. గంజిలో ఉప్పేసి తే."

"ఈవేళ శనివారమమ్మా," అంది శ్రీసత్య లోపల్నుంచి.

"తెల్సు. ఉప్పేసి తే."